నాన్న కుడి మోకాలు, బుడ్డోడి బరువు: 14 వారాల ప్రాజెక్టు డైరీ

ఇంట్లో ఒకరు కుక్కకి చాటుగా తినిపిస్తుంటే ఆపడానికి నేను పడ్డ పాట్లు ఇంకొకరు పడక్కర్లేదని ఈ డైరీ. పనిచేసినవాటికంటే బెడిసికొట్టినవే ఎక్కువ ఉంటాయి. అంకెలు మా కుక్కవి. మీ కుక్క బరువుని బట్టి లెక్క మార్చుకోండి, డాక్టర్‌ని అడిగే మార్చుకోండి.

కుక్క: బుడ్డోడు, మగ, ఆరేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఉన్న బరువు 14.2 కిలోలు, ఉండాల్సింది 12.
తినిపించేవారు: మా నాన్న, 72 ఏళ్లు.
కారణం: రెండుసార్లు వాంతులు, ఒకసారి పాంక్రియాస్ (జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి) వాపు అనుమానం. ఆ రాత్రి గురించి రాయను.

దశ 0: కొలతలు (1వ వారం)

ముందు ఏమీ ఆపలేదు. ఏం జరుగుతోందో రాసుకున్నాను, అంతే.

పనిముట్లు: వంటింటి త్రాసు (గ్రాములు చూపించేది), మనుషుల బరువు మిషన్, ఒక నోటుపుస్తకం, ఫోన్లో టైమర్.

బరువు చూసే పద్ధతి:
1. పొద్దున, ఏమీ తినకముందు, బయటికి తీసుకెళ్లి వచ్చాక.
2. కుక్కని ఎత్తుకుని మిషన్ ఎక్కాలి. తర్వాత ఒక్కరే ఎక్కాలి. రెండోది మొదటిదాంట్లోంచి తీసేయాలి.
3. ఇలా మూడుసార్లు చూసి మధ్య అంకె రాయాలి.

మొదటి రోజు 400 గ్రాములు తేడా వచ్చింది. ఎందుకో అని చూస్తే, ఒకసారి చెప్పులతో ఎక్కాను, ఒకసారి లేకుండా. ఈ మిషన్‌తో ఒక్కరోజు అంకెని నమ్మకూడదు, వారాల వరస చూడాలి.

రెండో తప్పు నాది. "రోజుకి రెండు కప్పులు" అనుకుంటూ వేస్తున్న కుక్క మేతని త్రాసు మీద పెట్టాను. అదే కప్పు, అదే చెయ్యి, మూడుసార్లు: 92, 108, 117 గ్రాములు. నాన్న మీద కేసు పెట్టబోతే ముందు నేనే దొరికాను.

నాన్న చేతి లెక్క, ఏడు రోజులు, నా కంటపడినవి:
బ్రెడ్డు అంచులు 29
బిస్కట్లు 21
గ్రేవీలో ఉడికిన మాంసం ముక్కలు 13
చీజ్ 9
మిగతావి 11 (వీటిలో రెండుసార్లు ఎండుద్రాక్ష ఉన్న బన్ను)
మొత్తం 83. రోజుకి దాదాపు 12.

ఒక్కో రకం ఒక్కోసారి తూచి కేలరీలు వేస్తే రోజుకి సుమారు 264. కప్పుల మేత సగటున 212 గ్రాములు. మా ప్యాకెట్ మీద 100 గ్రాములకి 360 కేలరీలని ఉంది, అంటే 763. రెండూ కలిపి 1,027.

ఎంత కావాలో లెక్క: కిలోల బరువుని 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించాలి. 12 కిలోలకి రోజుకి దాదాపు 450 కేలరీలు వస్తుంది. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి దాన్ని 1.6తో గుణిస్తే 720. చిరుతిళ్లు అందులో పదో వంతు మించకూడదు, అంటే 72. నాన్న చేతిలోంచి వెళ్తున్నవి 264. బరువు తగ్గడానికి డాక్టర్ మాకు రోజుకి 500 అని రాసిచ్చారు.

దశ 1: ఉపన్యాసం (2, 3 వారాలు). విఫలం

చాక్లెట్ విషం, ఉల్లిపాయ విషం, ద్రాక్ష విషం అని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "పోయినేడు వీడు చాక్లెట్ తిన్నాడు తల్లీ. ఏమైంది? హాయిగా పడుకున్నాడు."

నిజమే, పడుకున్నాడు. లెక్క వేసి చూశాను. చాక్లెట్‌లో కుక్కకి పడనిది థియోబ్రోమిన్. మనకి త్వరగానే అరిగిపోతుంది గానీ కుక్క ఒంట్లో సగం తగ్గడానికే 17 గంటల పైన పడుతుంది. కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, విరేచనాలు, కుదురులేకపోవడం మొదలవుతాయి. 40, 50 దగ్గర గుండె దెబ్బతింటుంది. 60 దగ్గర ఫిట్స్. పాల చాక్లెట్‌లో గ్రాముకి సుమారు 2 మిల్లీగ్రాములుంటుంది. వాడు తిన్నది పది గ్రాములు, అంటే కిలోకి ఒకటిన్నర కూడా రాదు. ఏమీ కాకపోవడంలో వింత లేదు.

అదే నల్ల చాక్లెట్ అయితే గ్రాముకి 5, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. 14 కిలోల కుక్కకి 56 గ్రాములకే గొడవ మొదలు. కేకుల్లో వేసే తీపి లేని చాక్లెట్ 20 గ్రాములు చాలు.

నా కాగితం ఇవన్నీ ఒకే గాటన కట్టేసింది. అందులో ఒక్కటి అబద్ధమని నాన్న కళ్లారా చూసినవారు. మిగతావి ఎందుకు నమ్ముతారు? కాగితం చింపి రెండు జాబితాలు చేశాను.

ఒక్క ముక్క కూడా వద్దు:
ద్రాక్ష, ఎండుద్రాక్ష. కిడ్నీలు పోతాయి. ఒక కుక్కకి ఏమీ కాదు, ఇంకో కుక్కకి కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పడానికి నమ్మకమైన కొలత లేదు.
జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) ఉన్న షుగర్ ఫ్రీ వస్తువులు. కిలోకి 0.1 గ్రాముకే రక్తంలో చక్కెర పడిపోతుంది, అరగంటలో కూడా. 0.5 దాటితే కాలేయానికి ముప్పు. కొన్ని చూయింగ్ గమ్ముల్లో ఒక్కదాంట్లోనే గ్రాము దాకా ఉంటుంది.
నల్ల చాక్లెట్, కోకో పొడి, మకడమియా గింజలు, మద్యం, పొంగుతున్న పచ్చి పిండి, ఉడికించిన ఎముకలు.
ఉల్లి, వెల్లుల్లి పడిన గ్రేవీ. ఉడికించినా గుణం పోదు. ఒకేసారి ఒంటి బరువులో 0.5 శాతం మించి ఉల్లి తింటే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. మావాడికి అది 70 గ్రాములు, ఒక ఉల్లిపాయ కంటే తక్కువే. లక్షణాలు కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి కాబట్టి "నిన్న తిన్నాడు, బాగానే ఉన్నాడుగా" అన్న మాటకి విలువ లేదు.

విషం కాదు, లావు మాత్రమే: బ్రెడ్డు, బిస్కట్, చీజ్.

ఈ రెండో కాగితం నాన్న ఒప్పుకున్నారు. జేబులోంచి షుగర్ ఫ్రీ బిళ్లల డబ్బా తీసి నా చేతిలో పెట్టి, "ఇందులో ఉందేమో చూడు" అన్నారు. ఉంది. ఆ డబ్బా ఇప్పుడు పై అరలో ఉంటోంది.

మూడో వారం చివర నేను చూసిన లెక్క 31. 83 నుంచి 31! ఆనందం ఆదివారం దాకానే. బరువు 14.3, అంటే వంద గ్రాములు పెరిగాడు.

నాన్న బట్టలు ఉతుకులో వేస్తుంటే దొరికింది. ప్యాంటు కుడి మోకాలి మీద గుండ్రంగా, అరచేతి అంత, ఆరిపోయి గట్టిపడిన మరక. అంచుల్లో బ్రెడ్డు పొడి. ఎడమ మోకాలు శుభ్రంగా ఉంది. మూడు ప్యాంట్లూ అంతే. బల్ల కింద, కుడి చేతి వైపు, గడ్డం మోకాలి మీద ఆనించి కూర్చుంటున్నాడు వీడు. ఇవ్వడం తగ్గలేదు, నాకు కనిపించడం తగ్గింది.

మార్చినది: నాకు కనిపించిన ముక్కల లెక్కకి ఇక విలువ ఇవ్వలేదు. మూడు కొలతలు పెట్టుకున్నాను.
1. వారానికోసారి బరువు.
2. రాత్రి భోజనంలో వాడు నాన్న కుర్చీ దగ్గర కూర్చున్న నిమిషాలు.
3. కుడి మోకాలు: పొడి / తడి.

మొదటి కొలత: 26 నిమిషాలు. భోజనం మొత్తం పట్టింది 28.

దశ 2: గేటు (4వ వారం). ఘోరంగా విఫలం

భోజనాల గది గుమ్మానికి పిల్లల కోసం పెట్టే గేటు బిగించాను. 75 సెంటీమీటర్ల ఎత్తు, మేకులు లేకుండా రెండువైపులా మరలతో నొక్కిపట్టేది.

1వ రోజు: వాడు గేటు అవతల 11 నిమిషాలు మూలిగాడు.
2వ రోజు: 17.
3వ రోజు: 22. మధ్యలో మొరగడం. అమ్మకి తలనొప్పి.
4వ రోజు: నాన్న కంచం తీసుకుని, కుర్చీ లాక్కుని, గేటు పక్కన కూర్చున్నారు. పైనుంచి అందించారు.
5వ రోజు: 35 నిమిషాలు. వాడి తప్పు కాదు.

ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే పడతారు. ఎప్పుడూ దొరికేది ఉన్నట్టుండి ఆగిపోతే కుక్క ముందు ఇంకా గట్టిగా అడుగుతుంది, ఆ తర్వాతే వదిలేస్తుంది. 22 నిమిషాలకి చేరింది ఆ శిఖరమే. సరిగ్గా అప్పుడు ముక్క పడితే వాడు నేర్చుకునేది ఒకటే: 11 నిమిషాలు చాలవు, ఇంకాసేపు ఏడవాలి. పైగా ఎప్పుడో ఒకసారి దొరికే ముక్క, ప్రతిసారీ దొరికే ముక్క కంటే మొండిగా కూర్చోబెడుతుంది. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద నిలబడలేకపోతే ఈ పద్ధతి అసలు మొదలుపెట్టకండి. సగం చేస్తే ముందున్న స్థితి కంటే అధ్వానం.

ఆరో రోజు అమ్మ కాలివేలు గేటు కింది కమ్మీకి తగిలింది. గేటు అటక మీదికి వెళ్లింది.

ఆ రాత్రి నాన్నకీ నాకూ మాటామాటా పెరిగింది. చివర ఆయన అన్నది పుస్తకంలో రాసుకున్నాను: "రోజంతా ఇంట్లో నా దగ్గరికి వచ్చి ఏదైనా అడిగేది వాడొక్కడే."

నా ప్లాన్లన్నీ ఆ చేతిని ఆపేవే. ఆ చేతికి పెట్టడానికి నేను ఏమీ ఇవ్వలేదు.

నాలుగు వారాల మొత్తం: బరువు 14.3, కుర్చీ దగ్గర 26 నిమిషాలు, మోకాలు మళ్లీ తడి. నికరంగా నష్టం.

దశ 3: సీసా (5 నుంచి 8 వారాలు)

రోజు కోటా 500 కేలరీల్లో 450 మేతకి: 125 గ్రాములు. అందులో 85 రెండు పూటలా గిన్నెలో, 40 నాన్న సీసాలో. ఆ నలభై గ్రాములని పళ్లెంలో పోసి లెక్కపెట్టాను, 112 గింజలు. అంటే నాన్న రోజుకి 112 సార్లు పెట్టుకోవచ్చు. ఇంతకుముందు పెట్టింది 12 సార్లే.

మొదటి సీసా: మర మూత ఉన్న గాజు సీసా. రెండో రోజుకే మూలన పడింది. నాన్న వేళ్లకి కీళ్లనొప్పులు, మూత తిరగలేదు. పైకి చెప్పలేదు, బ్రెడ్డుకి వెళ్లిపోయారు.

రెండోది: బొటనవేలితో నొక్కితే తెరుచుకునే మూత. తెరిచారు గానీ, బుడ్డోడు గింజని నోట్లో తిప్పి నాన్న కాలి దగ్గర ఉమ్మేశాడు. "చూశావా, వాడికే వద్దు."

మూడోది: 10 గ్రాముల ఉడికించిన చికెన్ (ఉప్పు, ఉల్లి, మసాలా ఏమీ లేకుండా) గింజల్లో కలిపాను. రెండో రోజుకి గింజలు నాని ముద్దయ్యాయి, వాసన వేరే రకంగా మారింది. పారేశాను.

నాలుగోది, ఇప్పటికీ నడుస్తున్నది:
1. రాత్రి 40 గ్రాములు తూచి సీసాలో పోయాలి.
2. చికెన్‌ని చిన్న పలచటి గుడ్డలో మూటకట్టి గింజల మీద పెట్టి, మూతేసి ఫ్రిజ్‌లో ఉంచాలి.
3. పొద్దున మూట తీసి ఆ చికెన్ గిన్నెలో వేసేయాలి. గింజలకి వాసన మాత్రం మిగులుతుంది.
4. సీసా నాన్న కుర్చీకి కుడివైపు, బ్రెడ్డు కంటే దగ్గరగా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. ఎడమవైపు పెట్టిన మూడు రోజులూ చెయ్యి బ్రెడ్డుకే వెళ్లింది.
5. గుడ్డ రోజూ వేడినీళ్లలో ఉతకాలి.

ఆరో వారం బరువు కదల్లేదు. సీసా మధ్యాహ్నం తూచాను: 61 గ్రాములు. పొద్దున పెట్టింది 40! నాన్న సంచిలోంచి నింపుకుంటున్నారు. అడిగితే నవ్వారు. సంచి తీసి మూత గట్టి డబ్బాలో పెట్టి, వారానికి సరిపడా ఏడు చిన్న డబ్బాలు వారాల పేర్లు రాసి నింపాను. సోమవారం చాలకపోతే మంగళవారం డబ్బాలోంచి అప్పు తీసుకోవచ్చు, మంగళవారం తగ్గుతుంది. ఈ అప్పు పద్ధతి నాన్నకి తెగ నచ్చింది. బుధవారానికే శనివారం డబ్బా ఖాళీ చేసిన వారం ఒకటుంది. మిగతా రోజులు కీర దోసకాయ ముక్కలు (100 గ్రాములకి 15 కేలరీలే) పెట్టి గడిపారు.

ఎనిమిది వారాల మొత్తం: బరువు 13.8. కుర్చీ దగ్గర 24 నిమిషాలు. మోకాలు ఇంకా తడే, కానీ ఇప్పుడు అంటేది మేత పొడి. వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గడం క్షేమం. మేం ఒక శాతం దగ్గర ఉన్నాం.

మధ్యలో జరిగింది (9వ వారం)

ఇంటికి చుట్టాలు వచ్చారు. కేకు కోశారు. నాన్న చిన్న ముక్క ఇచ్చారు. వాడు మింగాక చుట్టాలావిడ అన్నారు, "ఎండుద్రాక్ష కేకు కదూ, బాగుంది."

నాన్న ముఖం పాలిపోయింది. మేం చేసిన వరస ఇది:
1. టైము రాసుకున్నాం: 5.40.
2. అదే సైజు ముక్క కోసి, విప్పి, ఎండుద్రాక్షలు లెక్కపెట్టాం: 6 లేదా 7.
3. కేకు డబ్బా మీది వివరాలు ఫోటో తీశాం, జైలిటాల్, కోకో ఉన్నాయేమోనని.
4. డాక్టర్‌కి ఫోన్: బరువు, టైము, ఎన్ని.
5. ఉప్పునీళ్లు తాగించడం, వేళ్లు పెట్టి కక్కించడం, ఏదీ సొంతంగా చేయలేదు. ఉప్పు తానే ప్రాణాంతకం కావచ్చు.
6. లక్షణాల కోసం ఆగలేదు. 6.20కి క్లినిక్‌లో ఉన్నాం.

ఇంజెక్షన్‌తో కక్కించారు. ఐదు ఎండుద్రాక్షలు ఉబ్బి, దాదాపు చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. ఆ రాత్రి సెలైన్. మూడో రోజు మళ్లీ రక్తపరీక్ష చేస్తే కిడ్నీ అంకెలు మామూలుగానే ఉన్నాయి.

ఎదురుచూస్తున్నంతసేపూ నాన్న ఖాళీ కేకు డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నారు. నేను ఏమీ అనలేదు. అనడానికి చాలా ఉంది, అందుకే.

భయం పనిచేసింది తొమ్మిది రోజులు. పదో రోజు మోకాలి మీద బ్రెడ్డు పొడి. కాకపోతే ఆ తర్వాత మొదటి జాబితాలోది ఒక్కటీ వాడి నోట్లోకి వెళ్లలేదు.

దశ 4: చాప (10 నుంచి 12 వారాలు)

సీసాతో కేలరీలు తగ్గాయి గానీ కుర్చీ దగ్గర కాపలా తగ్గలేదు. ముక్క ఎక్కడ దొరికితే కుక్క అక్కడ ఉంటుంది. అందుకే ముక్క దొరికే చోటు మార్చాం. నేర్పించేవారు నాన్నే.

1. కుర్చీకి రెండు మీటర్ల దూరంలో చాప.
2. భోజనం లేని వేళ, రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు: చాప మీద కాలు పెడితే గింజ చాప మీదే పడాలి.
3. పడుకుంటే రెండు గింజలు.
4. తర్వాత నాన్న ఖాళీ కంచంతో కూర్చుని అదే చేయాలి.
5. ఆ తర్వాతే నిజం భోజనం. మొదట ప్రతి 10 సెకన్లకి ఒక గింజ, తర్వాత 20, 45, 90.
6. కుర్చీ దగ్గరికి వస్తే తిట్టడం లేదు, గింజా లేదు.

పొరపాటు: నాన్న విసిరే గింజల్లో మూడోవంతు ఫ్రిజ్ కిందికి దొర్లాయి. బుడ్డోడు చాప వదిలి ఫ్రిజ్ కింద ముక్కు పెట్టాడు, నాలుగో రోజుకి చీమలు. చాప తీసేసి, అంచులున్న వెడల్పాటి ట్రేలో రగ్గు మడిచి వేశాం. గింజలు బయటికి పోవడం ఆగింది.

నిమిషాలు: 24, 19, 20, 12, 7. పన్నెండో వారం చివర 4. బరువు 13.2.

ప్రస్తుతం (14వ వారం)

బరువు 12.9. మొదటి నుంచి తగ్గింది 1.3 కిలోలు. నడుము దగ్గర పైనుంచి చూస్తే సన్నం కనిపిస్తోంది, చెయ్యి వేస్తే పక్కటెముకలు తగులుతున్నాయి. కుర్చీ దగ్గర 3 నిమిషాలు. మోకాలు వారంలో ఐదు రోజులు పొడి.

పుస్తకం ఇప్పుడు నాన్న దగ్గరే ఉంటోంది. రాసే పని ఆయనే అడిగి తీసుకున్నారు. నిన్నటి పేజీలో ఆయన చేతిరాత: "సీసా ఖాళీ. బిస్కట్ 0. బ్రెడ్డు 1, చిన్నది."

ఆ చిన్నది ఎంతో చూపించమన్నాను. చేత్తో తుంపి చూపించారు. తూచితే 11 గ్రాములు, సుమారు 29 కేలరీలు. ఇవాళ్టి డబ్బాలోంచి 8 గ్రాముల గింజలు తీసి పెద్ద డబ్బాలో వేశాను.